మగ్గాల చప్పుడులో పాట: కీబోర్డును కంప్యూటరుకు కలపడం ఎలా?

సూరత్ నగరంలో నిశ్శబ్దం అరుదైన వస్తువు. తపతీ తీరాన వెలసిన ఈ పట్టణంలో మరమగ్గాల సంఖ్యను లక్షలలో చెప్పుకోవాలి. లింబాయత్, ఉధనా వంటి పేటలలో ఒక షెడ్డు మగ్గాలు ఆగితే పక్క షెడ్డు మగ్గాలు ఆడుతూనే ఉంటాయి. షెడ్డు లోపల ధ్వని 90 డెసిబెల్స్‌కు మించిపోతుంది. మనిషి మాట మనిషికి వినబడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవవలసిందే. ఈ చప్పుడు మధ్యనే తెలంగాణ జిల్లాల నుంచి బ్రతుకు తెరువు వెతుక్కుంటూ వచ్చిన తెలుగు నేతపనివారి కుటుంబాలు, వారిలోనూ ముఖ్యంగా పద్మశాలీలు, తరాలుగా కాపురం ఉంటున్నారు. నగరపాలక పాఠశాలల్లో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒరియా తరగతులతో పాటు తెలుగు తరగతులు కూడా నడవడానికి కారణం వీరే.

ఇటువంటి పేటలోని ఒక ఇంట్లో నాయనమ్మకు బతుకమ్మ పాటలు వచ్చుననుకుందాం. మనుమడు ఇంటర్ చదువుతున్నాడు. వాడి వద్ద మూడున్నర అష్టకాల చిన్న కీబోర్డు ఒకటీ, చదువు కోసం కొన్న పాత ల్యాప్‌టాప్ ఒకటీ ఉన్నాయి. ఆ పాటలను ఆమె గొంతు ఉండగానే, వాద్య సహకారంతో భద్రపరచాలని వాడి కోరిక. మొబైల్ ఫోను ముందు పెట్టి పాడిస్తే పాట కంటె మగ్గమే ఎక్కువగా వినబడుతుంది. స్టూడియోకు వెళ్లాలంటే గంటల లెక్కన అద్దె కట్టాలి. మరి మార్గమేమిటి?

మార్గం ఒక తీగ. కీబోర్డు వాద్యాన్ని కంప్యూటరుకు కలిపే ఆ తీగలో గాలి చప్పుడు ప్రవేశించదు. పక్కన వంద మగ్గాలు ఆడుతున్నా సరే, వాయించిన స్వరం మచ్చ లేకుండా కంప్యూటరుకు చేరుతుంది. ఇదెలా సాధ్యమో తెలుసుకోవడానికి నేతపనివారికంటె తగిన శ్రోతలు లేరు. ఎందుకంటే ఈ విద్యకు మూలం మగ్గంలోనే ఉన్నది.

సంగీతం నుంచి మగ్గానికి, మగ్గం నుంచి యంత్రానికి

ఫ్రాన్సు దేశంలోని లియోన్ పట్టణం పట్టునేతకు ప్రసిద్ధి. 1725లో అక్కడ బసీల్ బుషోన్ అనే పనివాడు కాగితపు చుట్టలో రంధ్రాలు పొడిచి, వాటి ఆధారంగా ఏ పడుగు దారాలు పైకి లేవాలో నిర్ణయించే ఏర్పాటు చేశాడు. అతడి తండ్రి ఆర్గాన్ వాద్యాలు తయారుచేసేవాడు. తర్వాత కొద్ది సంవత్సరాలకు జాక్ ద వోకాన్సన్ అనే మేధావి వేణువు ఊదే యంత్రపు బొమ్మను నిర్మించి పారిస్ నగరాన్ని ఆశ్చర్యంలో ముంచాడు. ఆ తర్వాత పట్టు పరిశ్రమకు ప్రభుత్వ పర్యవేక్షకుడై, 1745 ప్రాంతంలో స్వయంచాలిత మగ్గాన్ని రూపొందించాడు. వీరి ప్రయత్నాలన్నిటినీ క్రోడీకరించి 1804 ప్రాంతంలో జోసెఫ్ మరీ జాకార్డు తన యంత్రాన్ని తయారుచేశాడు. ఆ పేరు తెలియని నేతగాడు నేడు సూరత్‌లోనే కాదు, సిరిసిల్లలోనూ ఉండడు.

జాకార్డు అట్టలో ఏమున్నది? పువ్వు లేదు, రంగు లేదు, పట్టు లేదు. కేవలం రంధ్రాలున్నాయి. రంధ్రం ఉన్న చోట దారం లేస్తుంది, లేని చోట లేవదు. అట్ట చీర కాదు. చీర నేయడానికి మగ్గానికి ఇచ్చే ఆజ్ఞ. అదే అట్టల వరుసను వేరే రంగు దారాలున్న మగ్గానికి తగిలిస్తే, అదే పువ్వు వేరే రంగులో పూస్తుంది.

ఈ సూక్ష్మాన్ని ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ గ్రహించాడు. 1830 దశకంలో తాను ఊహించిన గణన యంత్రానికి ఆజ్ఞలిచ్చేందుకు జాకార్డు అట్టలనే ఎన్నుకున్నాడు. ఆ యంత్రాన్ని గురించి 1843లో వ్యాఖ్య వ్రాసిన ఆడా లవ్‌లేస్, స్వరాల మధ్య గల సంబంధాలను యంత్రానికి అర్థమయ్యే సంకేతాలుగా మార్చగలిగితే అది సంగీతాన్ని కూడా కూర్చగలదని ఊహించింది. యంత్రం పూర్తికాలేదు గాని, ఆమె ఊహ వృథా పోలేదు. 19వ శతాబ్ది ముగిసేలోగా రంధ్రాల కాగితపు చుట్టతో తనంత తాను మోగే పియానోలు అమెరికాలో ఇళ్లలోకి వచ్చాయి. ఆర్గాన్ తయారుచేసేవాని కొడుకు మగ్గానికి ఇచ్చిన విద్యను, మగ్గం తిరిగి వాద్యానికి అప్పగించిందన్నమాట.

మిడీ: స్వరాలకు జాకార్డు అట్ట

1980 నాటికి ఎలక్ట్రానిక్ వాద్యాలు అనేకం వచ్చాయి. అయితే ఒక కంపెనీ వాద్యం మరొక కంపెనీ వాద్యంతో మాట్లాడలేకపోయేది. ఎవరి భాష వారిది. బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలను ఎలక్ట్రానిక్ తాళగతిపై వాయించి వెలువరించిన రికార్డును నేడు ప్రపంచమంతటా కొనియాడుతున్నారు. ఆయన వాడిన వాద్యాలు ఉమ్మడి భాష పుట్టకముందటివి.

ఆ ఉమ్మడి భాష 1983లో వచ్చింది. అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపానుకు చెందిన ఇకుతారో కకెహాషి చొరవ తీసుకుని, పోటీ కంపెనీల మధ్య ఒడంబడిక కుదిర్చారు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన సంగీత వాద్యాల ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డులను ఒక తీగతో కలిపి, ఒకదానిపై వాయిస్తే రెండవది మోగేటట్లు చేసి చూపించారు. ఈ ఒడంబడిక పేరు మిడీ. ఇద్దరికీ కలిపి 2013లో గ్రామీ సంస్థ సాంకేతిక పురస్కారం లభించింది. నాలుగు దశాబ్దాలు గడిచినా ఆనాటి భాష నేటికీ చెల్లుబాటవుతున్నది; కంప్యూటరు ప్రపంచంలో ఇది సామాన్య విషయం కాదు.

మిడీ తీగలో ప్రవహించేది ధ్వని కాదు, ఆజ్ఞ. ఈ ఒక్క విషయం బోధపడితే తక్కినదంతా సులభం. వాద్యకారుడు ఒక మెట్టు నొక్కగానే మూడు సంఖ్యలు బయలుదేరుతాయి. మొదటిది, ఏ వరుసలో ఏమి చేయాలో చెబుతుంది: స్వరం మొదలుపెట్టు. రెండవది ఏ మెట్టో చెబుతుంది: మెట్లకు 0 నుంచి 127 వరకు సంఖ్యలున్నాయి, కీబోర్డు నడుమ ఉండే ఒకటవ శ్రుతి షడ్జమానికి 60. మూడవది ఎంత వేగంగా నొక్కారో చెబుతుంది; ఇదీ 127 వరకే. వేలు తీయగానే మరొక మూడు సంఖ్యలు. ఒక తీగలో 16 వరుసలు ఇమిడి ఉంటాయి కనుక వేణువుకు ఒకటి, తబలాకు ఒకటి, తంబురాకు ఒకటి కేటాయించుకోవచ్చు.

సెకనుకు 31,250 సంకేతాల వేగంతో ఇవి ప్రయాణిస్తాయి. ఒక మెట్టు వార్త చేరడానికి ఒక సెకనులో వెయ్యవ వంతు కూడా పూర్తిగా పట్టదు.

ధ్వనికీ ఆజ్ఞకూ గల తేడాను లెక్కలో చూడవచ్చు. సీడీ నాణ్యతలో ఒక సెకను ధ్వనిని దాచడానికి 1,76,400 బైట్లు కావాలి. అయిదు నిమిషాల పాటకు 5 కోట్ల 29 లక్షల బైట్లు. అదే పాటలో 2,000 స్వరాలున్నవనుకుంటే, వాటి మిడీ ఆజ్ఞలకు 12,000 బైట్లు, కాలాన్ని సూచించే అంకెలకు మరికొన్ని వేలు చాలు. చీరల మూటకూ అట్టల కట్టకూ గల తేడా ఇది.

మరొక లాభమున్నది. అట్టలో ఒక రంధ్రం తప్పుగా పడితే చీరంతా పారవేయనక్కరలేదు, ఆ అట్ట ఒక్కటి మార్చుకుంటే చాలు. అట్లాగే మిడీలో తప్పు పలికిన స్వరం ఒక్కదానిని దిద్దవచ్చు. నెమ్మదిగా వాయించి వేగం పెంచవచ్చు, శ్రుతి మారదు. నాయనమ్మకు అయిదవ శ్రుతి అనుకూలమని తర్వాత తెలిసినట్లయితే, ఒకటవ శ్రుతిలో వాయించినదంతా ఒక్క మీటతో అయిదుకు ఎత్తవచ్చు, వేగం మారదు.

వాద్యం వెనుకవైపు చూడండి

కలపడానికి ముందు కీబోర్డు వెనుకవైపు పరిశీలించాలి. మూడు రకాలలో ఏదో ఒకటి కనబడుతుంది.

మొదటిది, యూఎస్‌బీ రంధ్రం. ఇది సాధారణంగా చదరంగా, ప్రింటరు వెనుక ఉండే రంధ్రం వలె ఉంటుంది. కొత్త వాద్యాలలో మొబైల్ ఫోను ఛార్జరుకు సరిపోయే చిన్న రంధ్రం ఉండవచ్చు. తగిన తీగతో కంప్యూటరుకు తగిలిస్తే సరి. చాలా వాద్యాలను కంప్యూటరు తనంత తానే గుర్తిస్తుంది. పాత వాద్యాలకు మాత్రం తయారీదారు ఇచ్చే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామును ముందుగా ఎక్కించవలసి రావచ్చు. పెన్‌డ్రైవ్ గుచ్చే బల్లపరుపు రంధ్రం వేరు. దానిని కంప్యూటరుకు కలపరాదు. కంప్యూటరు లేనివారు చిన్న ఓటీజీ ముక్క సహాయంతో ఆండ్రాయిడ్ ఫోనుకు కూడా వాద్యాన్ని కలుపుకోవచ్చు.

రెండవది, అర్ధచంద్రాకారంలో అయిదు సూదిరంధ్రాలున్న గుండ్రని మిడీ సాకెట్టు. కంప్యూటరుకు ఇటువంటి సాకెట్టు ఉండదు కనుక, ఒక చివర యూఎస్‌బీ, మరొక చివర మిడీ ఉన్న మధ్యవర్తి తీగ కొనుక్కోవాలి. ఇక్కడ అందరూ తడబడే స్థలం ఒకటున్నది. వాద్యం నుంచి వార్త బయటికి వస్తుంది కనుక వాద్యం మీది 'అవుట్' నుంచి మధ్యవర్తి యొక్క 'ఇన్'కు కలపాలి. రెండు 'ఇన్'లను కలిపితే ఇద్దరూ వినడానికి కూర్చున్నట్లవుతుంది, మాట్లాడేవారుండరు. మెట్లు నొక్కినా కంప్యూటరులో కదలిక లేకపోతే ముందుగా అనుమానించవలసినది ఈ తారుమారునే.

మూడవది, ఈ రెండూ లేని వాద్యం. చౌకరకం కీబోర్డులలో హెడ్‌ఫోను సాకెట్టు మాత్రమే ఉంటుంది. అప్పుడు ఆజ్ఞను కాక ధ్వనినే పంపవలసి ఉంటుంది. ఆ ధ్వనిని ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలోకి నేరుగా పంపరాదు. మైకు నుంచి వచ్చే విద్యుత్తు అతి స్వల్పం. ఆ రంధ్రం దానికోసమే ఏర్పడినది. వాద్యం నుంచి వచ్చేది దానికి అనేక రెట్లు బలమైనది కావడంతో ధ్వని చిట్లిపోతుంది. లైన్ ఇన్ గల ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె ఉంటే మంచిది. ఈ పద్ధతిలో కూడా మగ్గాల చప్పుడు లోపలికి రాదు. కాని తప్పు దిద్దుకునే సౌకర్యం, శ్రుతి మార్చే సౌకర్యం చాలావరకు తగ్గిపోతాయి.

కంప్యూటరులో ధ్వనిముద్రణకు తగిన ప్రోగ్రాము ఉండాలి. వేవ్‌ఫారమ్ ఫ్రీ వంటివి ఉచితంగా దొరుకుతాయి. ఆపిల్ కంప్యూటర్లకు గరాజ్‌బ్యాండ్ ఉన్నది. ఎక్కువమంది ఎరిగిన ఆడాసిటీ ధ్వనిని చక్కగా ముద్రిస్తుంది గాని మిడీ ఆజ్ఞలను ముద్రించుకోదు. ఈ సంగతి తెలియక, మంచి తీగను లోపం గలదని తిరిగి ఇచ్చివేసినవారున్నారు. ప్రోగ్రాము తెరచి, అమరికలలో మిడీ ఇన్‌పుట్‌గా వాద్యం పేరు ఎంచుకోవాలి. ఒక వాద్య వరుసను సృష్టించి, ముద్రణ మీటను సిద్ధపరచి, మెట్టు నొక్కాలి. తెర మీద చిన్న గీత కదిలితే వార్త అందినట్లే.

మూడు చిక్కులు

గీత కదిలినా ధ్వని వినబడకపోవడం మొదటి చిక్కు. వచ్చినది ఆజ్ఞ మాత్రమే అని ముందే చెప్పుకున్నాం. ఆ ఆజ్ఞను విని పలికే వాద్యం కంప్యూటరులో ఉండాలి. దీనిని సాఫ్ట్‌వేర్ వాద్యం అంటారు. అట్టలు సిద్ధంగా ఉన్నా మగ్గం మీద పడుగు లేనిదే గుడ్డ రాదు గదా! అందులో వేణువును ఎంచుకుంటే వేణువు, వయొలిన్ ఎంచుకుంటే వయొలిన్ పలుకుతుంది. వాద్యమూ కంప్యూటరూ రెండూ ఒకేసారి పలికి ధ్వని జంటగా వినబడితే, కీబోర్డులో లోకల్ కంట్రోల్ అనే అమరికను ఆపివేయాలి. లేదా కీబోర్డు ధ్వనిని పూర్తిగా తగ్గించుకోవాలి.

రెండవ చిక్కు ఆలస్యం. మెట్టు నొక్కిన కాసేపటికి ధ్వని వస్తుంది, తాళం తప్పుతుంది. ఇందుకు కారణం తీగ కాదు. కంప్యూటరు ధ్వనిని బొట్టుబొట్టుగా కాక కుండలు నింపి పంపుతుంది. కుండ నిండేవరకు ఆగవలసినదే. సెకనుకు 44,100 నమూనాల లెక్కన, 1,024 నమూనాల కుండ నిండడానికి 23 మిల్లీ సెకన్లు పడుతుంది. 256 నమూనాల కుండకు 6 మిల్లీ సెకన్లు లోపే. గాలిలో ధ్వని ఒక మిల్లీ సెకనుకు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కనుక, 6 మిల్లీ సెకన్ల ఆలస్యమంటే రెండు మీటర్ల దూరాన కూర్చున్న హార్మోనిస్టును వినడం వంటిది. చెవికి ఇబ్బంది ఉండదు. ఇతర ఆలస్యాలు దీనికి కొంత తోడవుతాయి కాబట్టి వాయించేటప్పుడు కుండ చిన్నదిగా ఉండాలి. మరీ చిన్నదైతే పాత కంప్యూటరు అందుకోలేక ధ్వనిలో చిటపటలు పుడతాయి. వాయించడం ముగిసి, కూర్పు పని మొదలైనప్పుడు కుండను మళ్లీ పెద్దది చేసుకోవచ్చు. విండోస్ కంప్యూటర్లలో ఏఎస్ఐఓ అనే రకం డ్రైవరు వాడితే ఆలస్యం గణనీయంగా తగ్గుతుంది. బ్లూటూత్ హెడ్‌ఫోనులు మాత్రం ఈ పనికి తగవు. వాటిలో ఆలస్యం తరచు 100 మిల్లీ సెకన్లు దాటుతుంది. తీగ ఉన్న హెడ్‌ఫోనే వాడాలి.

మూడవ చిక్కు గుంయిమనే విద్యుత్ రొద. ల్యాప్‌టాప్ ఛార్జరు, వాద్యం అడాప్టరు వేర్వేరు గోడ సాకెట్లలో ఉన్నప్పుడు, ధ్వనిని తీగ ద్వారా పంపే పద్ధతిలో ఇది తరచు వస్తుంది. రెండింటినీ ఎర్తింగ్ సరిగా ఉన్న ఒకే పలకకు తగిలించడం, ముద్రణ జరుగుతున్నంతసేపు ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపడం తేలిక చిట్కాలు. అయిదు సూదుల మిడీ తీగకు ఈ బెడద లేకుండా రూపకర్తలు ముందే జాగ్రత్తపడ్డారు. వార్త అందుకునే వాద్యం లోపల ఒక చిన్న దీపం, దానికెదురుగా వెలుగును గుర్తించే ఒక కన్ను ఉంటాయి. వార్త వెలుగు రూపంలోనే దాటుతుంది, విద్యుత్తు దాటదు.

గమకం సంగతి ఏమిటి?

ఇంతవరకు చదివిన సంగీతజ్ఞులు ఒక ఆక్షేపణ చేయవచ్చు. మెట్ల వాద్యం మీద మన సంగీతం పలుకుతుందా అని. ఆక్షేపణ కొత్తది కాదు. 19వ శతాబ్దిలో యూరపులో పుట్టి, కలకత్తాలో చేతితో తిత్తి ఊదే రూపం దిద్దుకున్న హార్మోనియం దేశమంతటా వ్యాపించింది. గుజరాత్‌లోనే, భావనగర్ జిల్లా పాలితానా పట్టణం హార్మోనియం రీడ్లకు పేరుపొందింది. తెలుగునాట నాటక రంగం ఆ వాద్యం లేనిదే తెర లేపలేదు. అయినప్పటికీ 1940లో ఆకాశవాణి దానిని నిషేధించింది. స్వరం నుంచి స్వరానికి జారలేదు, సూక్ష్మ శ్రుతులు పలకలేదు అన్నవి ప్రధానాభియోగాలు. 1971 వరకు ఆ నిషేధం సడలలేదు.

ఎలక్ట్రానిక్ కీబోర్డుకు హార్మోనియానికి లేని ఒక అవయవం ఉన్నది. ఎడమవైపు ఉండే పిచ్ బెండ్ చక్రం. దీనిని తిప్పితే పలుకుతున్న స్వరం పైకో కిందికో జారుతుంది. మెట్టు బలానికి 128 అంతరాలుండగా, ఈ చక్రానికి 16,384 అంతరాలు కేటాయించారు. కాబట్టి జారుడు మెట్లుమెట్లుగా కాక నున్నగా వినబడుతుంది. కె. సత్యనారాయణన్ వంటి విద్వాంసులు ఈ చక్రం సహాయంతోనే కర్ణాటక సంగీత కచేరీలు చేసి మెప్పించారు. కుడిచేయి స్వరం, ఎడమచేయి గమకం: ఈ సమన్వయం సాధనతోనే వస్తుంది, తీగ వల్ల రాదు. చక్రాన్ని తిప్పితే ఆ వరుసలో పలుకుతున్న స్వరాలన్నీ కలిసి జారుతాయనే లోపం కూడా ఉన్నది. 2020లో ప్రకటించిన మిడీ రెండవ రూపంలో ఒక్కొక్క స్వరాన్ని విడివిడిగా జార్చే ఏర్పాటు చేశారు. అది ఇంటింటికి చేరేసరికి కొంతకాలం పడుతుంది.

జానపద గీతాలకు ఇంత శ్రమ అక్కరలేదు. బతుకమ్మ పాటకు ప్రాణం చప్పట్ల లయ, బృందపు గొంతు. శ్రుతి నిలిపే ఒక స్వరం, లయ చూపే ఒక తాళం, పల్లవిని అందించే ఒక వేణువు ఉంటే చాలు. వాద్యం గొంతును ముంచెత్తకూడదు.

గొంతు ముద్రణ వేళ

వాద్యం పని తీగతో తీరింది. గొంతుకు మాత్రం మైకు కావలసిందే. మైకుకు నిశ్శబ్దం కావలసిందే. అయితే ఇప్పుడు కావలసిన నిశ్శబ్దం ఎంతో తక్కువ. శ్రుతి, తాళం, వేణువు అన్నీ మగ్గాలు ఆడుతుండగానే హెడ్‌ఫోను పెట్టుకుని, వారాల తరబడి తీరికగా సిద్ధం చేసుకోవచ్చు. మగ్గాలు ఆగే కొద్ది గంటలను గొంతు కోసమే దాచుకోవచ్చు. పాడేవారి వెనుక మందమైన బొంత వేలాడదీసి, ముందు నుంచి వచ్చే ధ్వనిని మాత్రమే ఎక్కువగా అందుకునే డైనమిక్ రకం మైకును నోటికి జానెడు దూరంలో ఉంచితే, దూరపు చప్పుడు చాలావరకు అణగిపోతుంది. పాడేవారు వాద్యాన్ని హెడ్‌ఫోనులో వినాలి. స్పీకరులో వినిపిస్తే అది మళ్లీ మైకులోకి వస్తుంది.

వయసు మళ్లినవారికి హెడ్‌ఫోను అలవాటుండదు. ఒక చెవికి పెట్టి, రెండవ చెవి వదలివేస్తే తమ గొంతు తాము వింటూ సుఖంగా పాడగలుగుతారు. వారిని తాళయంత్రానికి కట్టివేయడం కూడా తగదు. మొదట వారిని తమ ఇష్టమైన వేగంలో పాడనిచ్చి, ఆ వేగానికి మిడీ వాద్యాన్ని సర్దుకోవడం మంచి పద్ధతి. ఆజ్ఞలకు నడక మార్చుకోవడం కష్టం కాదు. డెబ్బయి ఏళ్ల గొంతుకు కష్టం.

దాచుకోవడం తెలియాలి

ఇంటి గదిలో చేసిన పని చిన్నపని అనుకోరాదు. రమేశ్ నాయుడు, రాజ్-కోటి వంటి తెలుగు సినీ సంగీత దర్శకుల వద్ద కీబోర్డు వాయించిన ఎ.ఆర్. రెహమాన్ 1989లో మద్రాసులోని తన ఇంటి పెరటిలో స్టూడియో కట్టుకున్నాడు. 1992లో వచ్చిన 'రోజా' పాటలు అక్కడ పుట్టినవే.

అయితే చేయడం ఎంత ముఖ్యమో దాచడం అంత ముఖ్యం. దీనికి నిదర్శనం సూరత్‌కు దూరంలో లేదు. 1969లో అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ సహాయంతో మూగ్ సింథసైజరు గల ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో వెలసింది. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, ఐ.ఎస్. మాథుర్, జిన్‌రాజ్ జోషీపురా అక్కడ కొత్త ధ్వనులను సృష్టించారు. 1972 తర్వాత ఆ పని నిలిచిపోయింది. టేపులు సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి. బయటి ప్రపంచం వాటిని మరచిపోయింది. బ్రిటిష్ కళాకారుడు పాల్ పర్గస్ వాటిని వెలికితీయగా, 2023లో అవి ప్రజలకు వినవచ్చాయి. అర్ధ శతాబ్దం పాటు ఎవరో ఆ టేపులను పారవేయకుండా ఉంచడం వల్లనే ఇది సాధ్యమైంది.

ఇంటి ముద్రణలకు భాండాగారం ఉండదు. కనుక మూడు జాగ్రత్తలు తీసుకోవాలి. ప్రోగ్రాము యొక్క సొంత ఫైలు మీద మాత్రమే ఆధారపడరాదు. ఆ ప్రోగ్రాము రేపు ఉండకపోవచ్చు. స్వరాలను 1988 నుంచి చెల్లుబాటులో ఉన్న ప్రామాణిక మిడీ ఫైలుగాను, గొంతును కుదించని వేవ్ ఫైలుగాను విడివిడిగా దాచాలి. కంప్యూటరులో ఒక ప్రతి, వేరొక డిస్కులో ఒక ప్రతి, ఊరిలోని బంధువుల ఇంట మరొక ప్రతి ఉంచాలి. తపతి వరదలు ఎరిగిన సూరత్ వాసులకు, ఉన్నవన్నీ ఒకే ఇంట్లో ఉంచరాదని వేరుగా చెప్పనక్కరలేదు. చివరగా, ప్రతి ఫైలుతో పాటు పాడినవారి పేరు, వారి ఊరు, పాట ఎవరి వద్ద నేర్చినదీ, ముద్రించిన తేదీ ఒక కాగితం మీద వ్రాసి ఉంచాలి. పేరు లేని గొంతు రెండు తరాల తర్వాత ఎవరిదో ఎవరికీ తెలియదు.

అట్ట భద్రంగా ఉంటే చీర చిరిగినా మళ్లీ నేయవచ్చు. వాద్యం విషయంలో ఇది నిజం. ఏభై ఏళ్ల తర్వాత మునిమనుమలు ఆ మిడీ ఫైలును తెరచి, అప్పటి వాద్యాలతో మళ్లీ పలికించుకోగలరు. గొంతుకు మాత్రం అట్ట లేదు. అందుచేత, కీబోర్డు కొనడానికి డబ్బు కూడేవరకు, తీగ దొరికేవరకు, సాధన కుదిరేవరకు ఆగవలసినది వాద్యమే గాని గొంతు కాదు. మగ్గాలు ఆగిన ఈ వారపు మొదటి గంటలోనే, ఉన్న ఫోనుతోనే అయినా, ముందుగా ఆ గొంతును ముద్రించుకోవాలి. తీగ తెచ్చి, వాద్యం కలపడం ఆ తర్వాత చూసుకోవచ్చు.